యలహంకలో నాన్న, నాలుగు ఎర్ర నెమళ్ళు

మా చిన్నప్పుడు సత్యనారాయణపురంలో హెలికాప్టర్ చప్పుడు వినిపిస్తే వీధి వీధంతా డాబాలెక్కేది. ఎన్నికలొచ్చాయంటే ఎవరో ఒక నాయకుడు బెజవాడలో గాల్లోంచి దిగేవాడు. సైకిలున్నవాడు పీడబ్ల్యూడీ గ్రౌండ్స్ దాకా తొక్కుకుంటూ పోయేవాడు, లేనివాళ్ళం పిట్టగోడ పట్టుకుని మెడలు నొప్పెట్టేదాకా చూసేవాళ్ళం. మా నాన్న మాత్రం ఆ చప్పుడు చెవిన పడగానే చేతిలో పుస్తకం మూసేసి, లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేవారు. గడియ పెట్టేవారు కాదు. దగ్గరగా వేసుకునేవారు, అంతే. చప్పుడు దూరమయ్యాక బయటికొచ్చి, "ఏరా, కాళ్ళు కడుక్కున్నావా?" అనేవారు.

ఒకసారి అమ్మని అడిగాను. "ఆయనకి దివిసీమ గుర్తొస్తుందిరా. నువ్వేం అడక్కు" అంది.

అడగలేదు. ముప్ఫై ఆరేళ్ళు అడగలేదు.

1977లో నాన్న దివిసీమలో, నాగాయలంకకు దిగువన ఒక ఊళ్ళో తెలుగు మాస్టారు. చెల్లి పుట్టబోతోందని అమ్మ నన్ను తీసుకుని బెజవాడ పుట్టింటికి వచ్చింది. నాన్న ఒక్కరే అక్కడ ఉండిపోయారు. నవంబర్ 19, శనివారం. గాలి ఇక్కడ కూడా గట్టిగానే వీచింది. మా తాతయ్య వాళ్ళ పెరట్లో కొబ్బరిచెట్టు పడిపోయింది. కానీ అక్కడ సముద్రమే ఊళ్ళ మీదికి వచ్చిందని మాకు తర్వాతెప్పుడో తెలిసింది. పదివేల మంది దాకా పోయారని సర్కారు లెక్క. ఆ సీమలో ఎవరిని అడిగినా ఇంకా ఎక్కువే చెబుతారు. తొమ్మిదో రోజున నాన్న వచ్చారు. గడ్డం పెరిగి, ఎవరిదో చొక్కా వేసుకుని, భుజం మీద ఒక కండువాతో. పుట్టిన చెల్లిని ఎత్తుకోకుండా చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. నాకప్పుడు ఏడేళ్ళు. ఆ చొక్కా మోచేతుల దాకానే ఉండడం ఇప్పటికీ నా కళ్ళ ముందుంది.

ఆ చెల్లే పెళ్ళయ్యాక బెంగళూరులో స్థిరపడింది, యలహంక దగ్గర. ఆ ఊళ్ళో వాయుసేన స్థావరం ఉంది. రెండేళ్ళకోసారి ఏరో ఇండియా విమాన ప్రదర్శన జరిగేది అక్కడే. 2013 ఫిబ్రవరిలో "అన్నయ్యా, ఈసారి నాన్నని తీసుకుని రా. డాబా మీద నుంచే రిహార్సల్స్ కనపడతాయి" అని ఫోన్ చేసింది. నాన్న రారనే అనుకున్నాను. నా కూతురికి అప్పుడు తొమ్మిదేళ్ళు. అది కంప్యూటర్లో ఒక ఫొటో తీసి తాత ముందు పెట్టింది. నాలుగు ఎర్ర హెలికాప్టర్లు, ఒక్కోదాని పక్కన పురి విప్పిన నెమలి బొమ్మ.

"తాతా, వీటి పేరు సారంగ్. సారంగ్ అంటే నెమలంట."

నాన్న కళ్ళజోడు సర్దుకున్నారు. "సారంగమంటే జింక కదమ్మా?" అన్నారు. మాస్టారు కదా, అక్కడితో ఊరుకోలేరు. నిఘంటువు తీశారు. "నెమలి కూడా ఉందే. ఏనుగుంది, తుమ్మెదుంది... చాతకం కూడా ఉంది" అని వేలు పెట్టి చదివారు. చాతకం అంటే ఏంటి తాతా అని అది అడిగితే, "వాన చినుకు కోసం ఎప్పుడూ నోరు తెరుచుకుని పైకి చూస్తూ ఉండే పిట్టమ్మా, పాపం" అని చెప్పి పుస్తకం మూశారు. కాసేపయ్యాక "ఎన్నింటికిరా రైలు?" అన్నారు నాతో.

ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి బెజవాడలో ఎక్కాం. గుంటూరు దాటగానే పిల్ల నిద్రపోయింది. నాన్న కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు మేలుకునే ఉన్నారు.

చెల్లి మొగుడు, మా బావ, మెషీన్ షాపులో పనిచేసిన మనిషి. యంత్రాల గురించి మాట్లాడడం మొదలుపెడితే కాఫీ చల్లారిపోవాల్సిందే. సారంగ్ అనే వాయుసేన విన్యాసాల బృందం వాడేది ధ్రువ్ హెలికాప్టర్, అదే బెంగళూరులో హెచ్‌ఏఎల్ అనే విమానాల కంపెనీ తయారుచేసింది, 1992 ఆగస్టులో మొదటిసారి ఎగిరింది, అని ఆయన మొదలుపెట్టాడు. ఐదున్నర టన్నుల తరగతి యంత్రం. 2003లో వాయుసేన బెంగళూరులోనే ఈ బృందాన్ని తయారుచేసింది. మరుసటి ఏడే సింగపూర్ ఎయిర్ షోలో, పరాయి దేశంలో, జనం ముందు మొదటి ప్రదర్శన ఇచ్చారు. తర్వాత వాళ్ళ మకాం కోయంబత్తూరు దగ్గరి సూలూరుకి మారింది. సైన్యాలకి జెట్ విమానాల బృందాలు చాలానే ఉన్నాయిగానీ, హెలికాప్టర్లతో ఇలా చేసేవాళ్ళని ప్రపంచం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చట.

"ఎందుకు బావా అంత తక్కువ?" అన్నాను.

"విమానానికి రెక్కలుంటాయి, వేగం అందుకుంటే అదే కుదురుగా పోతుంది. హెలికాప్టర్ అలా కాదు. రెండు చేతులూ రెండు కాళ్ళూ ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండవు. పైగా ముందు పోయేది కిందికి కొట్టే గాలి ఉంటుంది చూడు, వెనకవాడు అందులో పడ్డాడంటే కుదిపేస్తుంది. ఆ గాలికి అందకుండా, అయినా దూరం జరగకుండా ఉండాలి" అన్నాడు.

ధ్రువ్‌లో ఇంకో విశేషం ఉందన్నాడు. చాలా హెలికాప్టర్లలో పైన తిరిగే రెక్కలు మొదట్లో కీళ్ళతో బిగించి ఉంటాయి, తలుపుకి బందులున్నట్టు. ధ్రువ్‌లో ఆ కీళ్ళు లేవు. నాలుగు రెక్కలూ లోహం కాకుండా పీచు కలిపిన గట్టి పదార్థంతో చేస్తారు. అవే వంగుతాయి. నాన్న అప్పటిదాకా వింటున్నారో లేదో అనుకున్నాను. "గాలం కర్రలాగానా అల్లుడూ? మొదలు పిడికిట్లో బిగించి ఉంటుంది, కొస వంగుతుంది" అన్నారు. బావ మొహం వెలిగిపోయింది. "సరిగ్గా అదే మామయ్యగారూ! అందుకే పైలట్ చెయ్యి ఇలా కదిపితే యంత్రం అలా తిరిగిపోతుంది" అన్నాడు.

ఆ స్థావరంలోనే ఆరేళ్ళ కిందట, 2007లో, ఏరో ఇండియా ముందు సాధన చేస్తూ సారంగ్ హెలికాప్టర్ ఒకటి కూలి సహ పైలట్ చనిపోయారని కూడా బావే చెప్పాడు. చెల్లి ఆయన వైపు చురుగ్గా చూసింది. నాన్న మాత్రం "అయినా మళ్ళీ ఎగురుతున్నారన్నమాట" అన్నారు. అంతకు మించి మాట్లాడలేదు.

ఆఖరి రోజు, ఆదివారం, వెళ్ళాం. జనానికి వదిలేది ఆ చివరి రెండు రోజులే. కార్లు ఎక్కడో ఆపేసి కాంక్రీటు మీద నడక. ఫిబ్రవరే అయినా ఎండ మాడ్చేస్తోంది. అందరి నెత్తిన టోపీలు, మా నాన్న నెత్తిన కండువా. సుఖోయ్ యుద్ధవిమానం నిటారుగా పైకి లేచినప్పుడు గుండె లోపల ఎవరో గుద్దినట్టయింది. నా కూతురు చెవులు మూసుకుని ఎగురుతూనే ఉంది. నాన్న మర్యాదకి చూశారు. జెట్‌ల మీద ఆయనకి ఆసక్తి లేదు. మన వాయుసేన జెట్‌ల బృందం సూర్యకిరణ్ 2011లోనే ఆగిపోయింది, తిరిగి మొదలైంది 2015లో. అందుకని ఆ ఏడు మనవాళ్ళ తరఫున జట్టుగా ఎగిరింది సారంగ్ ఒక్కటే.

ముందు చప్పుడు వచ్చింది. టకటకటకటక అని, నేల లోంచి వస్తున్నట్టు. నేను హెలికాప్టర్ల వైపు చూడలేదు, నాన్న వైపు చూశాను. ఆయన చెయ్యి మనవరాలి భుజం మీద ఉంది. వేళ్ళు బిగుసుకున్నాయి. అది "తాతా, నొప్పి" అంది. చెయ్యి తీసేశారు.

నాలుగూ ఒకదాని పక్కన ఒకటి వచ్చాయి. ఆ ఎరుపు ఫొటోలో చూసిన ఎరుపు కాదు. నిప్పుకణికల్లా ఉన్నాయి. నెమళ్ళ మెడలు నీలంగా మెరుస్తున్నాయి. ఊరేగింపులో పల్లకీ కదిలినట్టు నెమ్మదిగా, ఒకటి ఎంత ఒరిగితే మిగతావి అంత ఒరుగుతూ మా ముందు నుంచి పోయాయి. నలుగురి మధ్య ఎడం చెదరలేదు. వజ్రం ఆకారం కట్టాయి, అది విప్పి పానపాత్ర ఆకారంలోకి మారాయి. తెల్లటి పొగ వెనకాల తోకలా సాగింది. ఆ తర్వాత ఎయిర్‌ఫీల్డ్ అవతలి చివరికి వెళ్ళిపోయాయి. చిన్నవై, చుక్కలై, ఎండలో కనపడకుండా పోయాయి. చప్పుడు కూడా ఆగిపోయింది.

"వెళ్ళిపోయారా?" అన్నారు నాన్న.

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఏం చెప్పాలో తోచలేదు. నా కూతురే చెప్పింది, తలెత్తి చూడకుండానే, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ: "వస్తారు తాతా. ఇంకా అయిపోలేదు."

వచ్చారు. ఈసారి రెండు వైపుల నుంచి, ఎదురెదురుగా. ఢీకొంటాయేమోనని జనం హా అన్నారు. ఒకదాన్నొకటి రాసుకున్నంత దగ్గరగా దాటిపోయాయి. మళ్ళీ దూరం వెళ్ళిపోయాయి. మళ్ళీ నాన్న "అయిపోయిందా?" అన్నారు. "వస్తారు తాతా." మళ్ళీ వచ్చారు. ముక్కులు ఎత్తి, నీళ్ళలోంచి చేప ఎగిరినట్టు పైకి లేచి, ఆ చివరన ఒక్క క్షణం ఆగి, తల కిందికి తిప్పి జారాయి. ఇలా నాలుగైదు సార్లు. వెళ్ళిన ప్రతిసారీ నాన్న అడిగారు, ప్రతిసారీ అది అదే మాట చెప్పింది. చివర్లో రెండు హెలికాప్టర్లు ఒకచోట మొదలై చెరో పక్కకీ విడిపోతూ ఆకాశంలో పొగతో గుండె బొమ్మ గీశాయి. జనం చప్పట్లు. నాన్న నెత్తి మీది కండువా తీశారు. దాని కొస పట్టుకుని తల పైన తిప్పడం మొదలుపెట్టారు. పెద్దగా, గుండ్రంగా, భుజం నుంచి చెయ్యంతా తిప్పుతూ. అలా చెయ్యి ఊపేవాళ్ళని మైదానంలో ఇంకెవరినీ చూడలేదు. అది వీడ్కోలు చెప్పే ఊపు కాదు. దూరంగా ఉన్నవాడికి మనం ఇక్కడున్నామని తెలియజేసే ఊపు.

ఆ రాత్రి చెల్లి వాళ్ళ డాబా మీద పక్కలు వేసుకున్నప్పుడు ఆయనంతట ఆయనే చెప్పారు. ఉప్పెన రాత్రి ఊళ్ళో మిగిలిన ఒకే ఒక్క మేడ మీద ఇరవై మందికి పైగా ఉన్నారట. రెండు రోజులు తిండి లేదు, చుట్టూ నీళ్ళే, తాగడానికి చుక్క లేదు, బావులన్నీ ఉప్పు. మూడో రోజు హెలికాప్టర్ వచ్చింది. అందరూ చీరలు, దుప్పట్లు, ఏది దొరికితే అది ఊపారు. నాన్న కండువా ఊపారు. అది వాళ్ళ మీద ఒక చుట్టు తిరిగింది. లోపలున్న మనిషి మొహం కూడా కనపడిందట. తిరిగి వెళ్ళిపోయింది.

"చూసి పోవడానికి వచ్చిందిరా అది. ఎక్కడెక్కడ మనుషులున్నారో చూసుకోవాలి కదా ముందు. ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు. మర్నాడు మళ్ళీ వచ్చింది, మూటలు వేసింది. ఒకటి మేడ మీద పడింది. ఒకటి ముప్ఫై గజాల అవతల నీళ్ళలో పడింది. దాన్ని తెచ్చుకునే ఓపిక ఎవరికీ లేదు. అలా చూస్తూ ఉండిపోయాం." కాసేపు ఆగి, "ఆ ఇంటి ముసలమ్మ, మర్నాటికి లేదు" అన్నారు.

బావ ఏదో అనబోతే చెల్లి చెయ్యి పట్టుకుని ఆపింది. నాన్న ఇంకేమీ చెప్పలేదు. తెల్లారి కాఫీ తాగుతూ మనవరాల్ని పిలిచి, "ఏమే, వాళ్ళు మళ్ళీ వస్తారని నీకెలా తెలుసు?" అని అడిగారు. "అత్తయ్య వాళ్ళ డాబా మీద మొన్న చూశాగా" అంది.

ఆ ఏడే జూన్‌లో ఉత్తరాఖండ్‌లో వరదలొచ్చాయి. సారంగ్ బృందం ఆ సహాయంలోకి దిగింది. ఆ సంగతి తెలిశాక నాన్న రెండు రోజులు అదే మాట. కూరగాయలమ్మాయికి చెప్పారు, లైబ్రరీలో చెప్పారు, ఫోన్ చేసి బావకి చెప్పారు: "మనం చూసిన నెమళ్ళే వెళ్ళాయి." 2017లో ఓఖి తుఫానుకి, 2018లో కేరళ వరదలకి కూడా వెళ్ళాయి. కేరళ సంగతి ఆయనకి నేనే చదివి వినిపించాను, అప్పటికి చూపు తగ్గింది. 2009లో కృష్ణకి పెద్ద వరద వచ్చి హెలికాప్టర్లు తిరిగినప్పుడు తలుపు వేసుకున్న మనిషే, యలహంక తర్వాత ఎప్పుడు ఆ చప్పుడు వినిపించినా "ఏంటో చూడరా" అంటూ ముందుగా వరండాలోకి వచ్చేవారు. 2019లో పోయారు.

2025 జనవరిలో పోరుబందర్‌లో తీర రక్షక దళం ధ్రువ్ కూలిపోయాక, కారణం తేలేదాకా ధ్రువ్‌లన్నిటినీ కిందికి దించేశారు. ఆ ఫిబ్రవరి ఏరో ఇండియాలో సారంగ్ లేదు. అది సరైన పనే, మనిషి ప్రాణం కన్నా ఏ ప్రదర్శనా ఎక్కువ కాదు. అయినా ఆ వార్త చదివిన రోజంతా నాకు మనసు మనసులో లేదు. అప్పటికి ఐదు నెలల కిందటే మా ఇంటి మీదికి ఒక ధ్రువ్ వచ్చి వెళ్ళింది మరి.

మేము ఉండేది సింగ్‌నగర్‌లో. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం, బుడమేరు మా వీధిలోకి వచ్చింది. పొద్దున చీలమండ దాకా, సాయంత్రానికి కిటికీల దాకా. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అటు నది, ఇటు వాగు, మధ్యలో మేము. మా కింది వాటా మునిగింది. పై వాటాలో, డాబా మీద, కింది వాళ్ళతో కలిపి పదకొండు మందిమి. కరెంటు లేదు. ఫోన్‌లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. అమ్మ చెల్లి దగ్గర ఉండడం ఒక్కటే అదృష్టం.

సోమవారం మధ్యాహ్నం చప్పుడు వినిపించింది. టకటకటక. ఆరేసిన తువ్వాలు లాక్కుని పిట్టగోడ దగ్గరికి పరుగెత్తాను. అందరం ఊపాం. మా మీద నుంచి పోయింది, ఆగలేదు. పాయకాపురం వైపు వెళ్ళి చిన్నదై కనపడకుండా పోయింది. తువ్వాలు చేతిలో పట్టుకుని అలా నిలబడ్డాను. లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకోవాలనిపించింది.

అప్పుడే ఫోన్ మోగింది. నా కూతురు, హైదరాబాదు నుంచి. పొద్దుట్నించీ ప్రయత్నిస్తోందట. "హెలికాప్టర్ వచ్చిందమ్మా, మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. అటువైపు ఒక్క క్షణం నిశ్శబ్దం. "వస్తుంది నాన్నా. ఇంకా అయిపో..." అనేలోపు లైన్ కట్ అయింది.

నాలుగింటికి వచ్చింది. బూడిదరంగుది, నెమలి లేదు. ఆ ముక్కు, ఆ తోక చూడగానే ధ్రువ్ అని పోల్చుకున్నాను. గాలికి నీళ్ళ ట్యాంకు మూత ఎగిరిపోయింది, కుండీలో తులసి మొక్క పడుకుంది, బావ చెప్పిన కిందికి కొట్టే గాలి అంటే ఏమిటో ఒంటికి తెలిసింది. తలుపు దగ్గర కూర్చున్నతను గ్లవ్ వేసుకున్న చేత్తో పక్కకి జరగమని సైగ చేశాడు. జరిగాం. పొట్లాలు పడ్డాయి, నీళ్ళ సీసాలు పడ్డాయి. ఒక పొట్లం పిట్టగోడకి తగిలి నీళ్ళలో పడింది. కింది వాటా వాళ్ళ పిల్లాడు "అయ్యో" అన్నాడు. వీధిలో పడవ మీద వస్తున్న కుర్రాడు దాన్ని గెడతో దగ్గరికి లాక్కుని, చొక్కాకి తడి తుడిచి, కిటికీలోంచి మా ఆవిడ చేతికిచ్చాడు.